ఊదిన నీళ్లు

గ్లాసు ఎగిరి రోడ్డు మీద పడింది.

నీళ్లు ఐదేళ్ల వెన్నెల గౌను మీద ఒలికాయి. అసలే జ్వరంతో ఉన్న పిల్ల బావురుమంది.

"నా బిడ్డ తాగే నీళ్లలో ఉమ్ముతాండావా సాయిబూ?"

మధుసూదన్ అరిచిన అరుపుకు పుంగనూరు బస్టాండులో సగం జనం ఇటు తిరిగారు.

ముసలాయన బిత్తరపోయాడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నెల రోజులుగా పొద్దున్నే 'సావిత్రమ్మ టీ స్టాల్'కు వచ్చి, చక్కెర లేని టీ తాగి, పేపరు చదువుకుని పోతాడు. ఎవరో ఏమిటో మధుసూదన్ ఎప్పుడూ అడగలేదు. టీ అమ్మేవాడికి అవన్నీ ఎందుకు?

"ఉమ్మలేదప్పా. బిడ్డ ఒళ్లు కాలిపోతాండాది. దువా చదివి నీళ్లలో ఊదినా, అంతే."

"కతలు సెప్పొద్దు. మీరు తిండిలో ఉమ్మేది ఫోన్లో రోజూ సూస్తానే ఉండాం."

"ఫోన్లో సూసినావు. నన్ను అడిగినావా?"

ఆ గొంతులో కోపం లేదు. మధుసూదన్‌కు అందుకే ఇంకా మండింది.

ముసలాయన జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గుండ్రటి చేతిరాత.

'ముస్లింల గురించి మీకున్న అనుమానం ఏదైనా సరే, అడగండి. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు, మసీదు వెనక వీధిలో మా ఇంట్లో. టీ ఇస్తాము.'

"మూడు ఆదివారాలాయె, ఒక్కరూ రాలేదు. నువ్వొచ్చి ఇదే అడుగప్పా. కోపంగానే అడుగు. ఒక్కరొస్తే సాలు నాకు."

మధుసూదన్ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేశాడు.

"ఇంకోతూరి నా అంగడి మెట్టెక్కొద్దు."

ముసలాయన లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మీ అమ్మ బాగుండాదా అప్పా?"

"మా అమ్మతో నీకేం పని? పో!"

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మెట్టెక్కలేదు.

ఆదివారం పాల క్యాన్లు వేసుకుని వస్తుంటే మెయిన్ రోడ్డులో కాలువ పని. మధుసూదన్ మసీదు వెనక వీధిలోకి బండి తిప్పాడు.

ఒక ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల వరసగా ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఆరూ ఖాళీ. వాటికి ఎదురుగా ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

బండి శబ్దానికి ఆయన గబుక్కున లేచాడు. మధుసూదన్‌ను చూసి ఆ మొహం ఎంత వెలిగిందో!

ఒక్క నిమిషం ఆపితే ఏం పోయేది? మధుసూదన్ యాక్సిలరేటర్ తిప్పి వెళ్లిపోయాడు.

కంటి ఆపరేషన్‌కని వెళ్లి, నెల దాటి మదనపల్లిలో కూతురింట్లోనే ఉన్న తల్లి సావిత్రమ్మ, ఆ వారంలోనే తిరిగొచ్చింది. అన్నం తినేటప్పుడు మధుసూదన్ జరిగిందంతా గొప్పగా చెప్పాడు.

సావిత్రమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎంత పని సేస్తివిరా! నిన్నెట్ల బతికించుకున్నానో తెలుసునా నీకు?"

"ఏమైంది మా?"

"మూడో నెలలో పాలు తాగకుండా కండ్లు తేలేస్తివి. ఒకపక్క మందులు. ఇంకోపక్క సాయంత్రం నమాజు అయ్యే యాళకు నిన్నెత్తుకోని మసీదు గేటు కాడ నిలబడేదాన్ని. నేనొక్కదాన్నేనా? మన ఈదిలో ఆడోళ్లంతా బిడ్డలనెత్తుకోని ఆడే ఉందురు. నమాజు సేసి బయటికొచ్చే ప్రతి మనిసీ మీ మొగాన ఊది పోతాండె. నలభై దినాలు!"

"ఉమ్మేది కాదా అది?"

"ఉమ్మేదేందిరా పాపిష్టోడా! దేవుని మాట నోట్లో అనుకుంటా ఊపిరి ఊదేది."

మధుసూదన్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. వెన్నెలకు జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. ఇప్పుడు తండ్రికి అన్నం సహించలేదు.

ఆదివారం అంగడి మూసి, అమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. తప్పయిపోయిందని ముందే చెప్పాలా, ప్రశ్న అడిగాక చెప్పాలా? అడుగు అన్నాడు కదా, ముందు అడుగుతాను, అనుకున్నాడు.

ఆ ఇంట్లో ఆరు కుర్చీలూ నిండి ఉన్నాయి. వీధిలో వేసినవీ నిండాయి.

"జనమొచ్చినారు మా!" మధుసూదన్‌కు ప్రాణం లేచి వచ్చింది.

దగ్గరికి పోతే ఎవరూ ఏమీ అడగడం లేదు. అందరూ తలలు దించుకుని ఉన్నారు. లోపల మంచం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

"తెల్లారి నమాజు సేసి, ఈ కుర్చీలన్నీ తుడిసి, ఆడే కూలబడినాడప్పా," అన్నాడు ఆయన తమ్ముడు. "వయసులో కొన్నాళ్లు ఈడ్నే బడి పంతులు, తర్వాత కుప్పంలో ముప్పై ఏండ్లు. రిటైరై మొన్ననే సొంతూరికొచ్చినాడు."

గోడకు చిన్న బోర్డు. దాని మీద అదే గుండ్రటి చేతిరాత.

'మొదటి ప్రశ్న: మీరు తిండిలో ఉమ్ముతారా? అడిగినవారు: సావిత్రమ్మ కొడుకు.'

కింద జవాబుకు చోటు వదిలి ఉంది.

మధుసూదన్ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

సావిత్రమ్మ మంచం పక్కన చతికిలబడింది. తమ్ముడు మొహం మీది గుడ్డ తీస్తే, ఆపరేషన్ చేసిన కళ్లతో ఆ మొహాన్ని వంగి దగ్గరగా చూసింది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అందరూ ఒగతూరి ఊది పోతే, నలభై దినాలూ నిన్ను నా సేతుల్లోంచి ఎత్తుకోని, నువ్వు కండ్లు తెరిసిందాకా ఊదిన బడి అయివోరు ఈయప్పేరా మధూ."