సుద్దగీతకు అటూ ఇటూ

“ఆ నాణెం ఒకసారి ఇలా ఇవ్వండి సర్, చూడాలి,” అన్నాడు కెప్టెన్ గెథిన్ కర్నల్‌తో.

డ్రిల్ హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. కర్నల్ కనుబొమలు ముడిపడ్డాయి. మేజర్ ఇద్వల్ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

గెథిన్ నాణేన్ని తిప్పి తిప్పి చూశాడు. ఒకవైపు రాజుగారు, రెండోవైపు త్రిశూలం పట్టుకున్న దేవత. మోసమేమీ కనబడలేదు. అయినా గుప్పిట విప్పలేదు.

అతని అనుమానంలో అర్థం లేకపోలేదు.

యుద్ధం తప్పదని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయిన వసంతం అది. రిజర్వు ఫిరంగి దళాలన్నీ ఒక్కొక్కటీ రెండుగా చీలాలని లండన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ వేల్స్ లోయలో దళానికి పెద్ద చరిత్రే ఉంది. తాతల నాడు బీరు కంపెనీ గుర్రాలను అరువు తెచ్చి ఫిరంగులు లాగించేవారట. ఇప్పుడు లారీలొచ్చాయి గానీ మనుషులు మారలేదు. పగలు బొగ్గుగనిలోనో కొట్లోనో పని, మంగళవారం సాయంత్రం ఫిరంగి దగ్గర కసరత్తు. అలాంటివాళ్లు వేరు కుంపట్లు పెట్టుకోవాలి. ఒక సగానికి ఇద్వల్ నాయకుడు, రెండో సగానికి గెథిన్.

మనుషుల్ని ఇద్వల్ విడదీయాలి. నాణెం గెలిచినవాడు ముందుగా తన సగాన్ని కోరుకోవాలి. పంచేవాడు ఒక పక్కకి మొగ్గకుండా కర్నల్ పెట్టిన షరతు అది.

ఇద్వల్ ఇందాకే హాలు మధ్యలో సుద్దగీత గీసి పంచాడు. గురి తప్పనివాళ్లందరూ ఎడమవైపు. ఫిరంగి తగిలించిన లారీని సందులో కూడా వెనక్కి నడపగల డ్రైవర్లు ఎడమవైపు. కొత్త ఫిరంగులూ అటే. ఇక కుడివైపు నిన్నగాక మొన్న చేరినవాళ్లు, తాగుబోతులు, చెవిటి మోస్టిన్.

“గన్నర్ మోస్టిన్, కుడివైపుకి!” అని అరిచాడు సార్జెంట్ గ్విలిమ్.

“ఏంటీ?”

“కుడివైపుకి!”

“మొదటిసారే వినబడిందిలే. కాస్త మర్యాదగా పిలుస్తావేమోనని ఆగాను.”

“మర్యాదలన్నీ ఇంటి దగ్గర. ఆదివారం వచ్చి కాళ్లు పడతాను గానీ, ముందు నడు.”

గ్విలిమ్ ఆ ముసలాయన అల్లుడే. కానీ హాలు గుమ్మం లోపల హోదాలే తప్ప వరసలుండవు. అది ఆ దళంలో మొదటినుంచీ ఉన్న కట్టుబాటు.

“ఇది పంపకం కాదు సర్, దోపిడీ,” అన్నాడు గెథిన్ కర్నల్‌తో. “గెలుస్తానన్న ధీమా లేకుండా ఎవరైనా ఇలా పంచుతారా?”

కర్నల్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. అది ఇంకా అనుమానంగా తోచింది గెథిన్‌కి.

ఇద్వల్‌కి తనంటే పడదని అతనికి ఎప్పుడో తెలుసు. ఏటా వేసవి శిబిరంలో అందరికంటే పాత ఫిరంగి తనకే. బురదలో గుడారం తనకే. ఇంకొకడు గురి కొడితే శభాష్, తను కొడితే “మళ్లీ కొట్టు”. కెప్టెన్ పదవికి తన పేరు పంపమంటే, ఇంకా పండలేదని ఏడాది తొక్కిపెట్టాడు.

“నాణెం మీ చేతిలోనే ఉందిగా కెప్టెన్, మీరే ఎగరేయండి,” అన్నాడు ఇద్వల్.

గెథిన్ ఎగరేశాడు.

“బొమ్మ,” అన్నాడు ఇద్వల్.

బొమ్మే పడింది.

గెథిన్‌కి కోపం కంటే భయమే ఎక్కువైంది. ఆ కుడివైపు వాళ్లతో యుద్ధానికి వెళ్తే ఏమవుతుందో అతను ఊహించగలడంతే. చూసినవాడు ఇద్వల్. కిందటి యుద్ధంలో అలాంటి మనుషులతోనే వెళ్లి, ఫిరంగి పక్కన ఒక్కడే మిగిలాడు.

“కోరుకోండి మేజర్,” అన్నాడు కర్నల్.

ఇద్వల్ నింపాదిగా సుద్దగీత దాటాడు. వెళ్లి మోస్టిన్ ముందు నిలబడ్డాడు.

“వీళ్లు నావాళ్లు,” అన్నాడు.

“ఏమంటున్నాడు?” అని అడిగాడు మోస్టిన్.

“మనం కావాలట,” అన్నాడు పక్కవాడు.

“మనమా? మతిగానీ పోయిందా?”

గెథిన్ సందేహం రెట్టింపైంది. ఇందులో ఏదో మతలబు ఉంది. గబగబా తన వంతుకొచ్చిన కొత్త ఫిరంగుల దగ్గరికి వెళ్లి గొట్టాలు తడిమాడు, చక్రాలు తన్ని చూశాడు, గురి అద్దాల్లోకి కన్ను పెట్టాడు. అన్నీ లక్షణంగా ఉన్నాయి. తిరిగొచ్చి ఇద్వల్ ఎదురుగా నిలబడ్డాడు.

“మీ ఎత్తేమిటో నాకు తెలియాలి సర్.”

“ఎత్తేమీ లేదు.”

“ఆ మనుషులతో ఏం చేస్తారు?”

“నేర్పుకుంటాను. నాకు ఓపికుంది.”

“నాకెవరి దయా అక్కర్లేదు.”

“దయ కాదు, ఆజ్ఞ. వాళ్లని జాగ్రత్తగా చూసుకోండి.”

“ఇద్దరూ ఇద్దరే. ఒకటే మొండితనం,” అని గొణిగాడు గ్విలిమ్.

కర్నల్ అందరినీ పంపేశాడు. బూట్ల చప్పుడు వీధిలోకి సాగిపోయింది. గెథిన్ అందరికంటే ఆఖరున బయటికొచ్చాడు. ఇద్వల్ మెట్ల దగ్గర ఆగి ఉన్నాడు.

ఇద్వల్ అతని భుజం మీద చెయ్యి వేసి, “నీ వెంట మంచివాళ్లనే పంపుతానని మాటిచ్చేదాకా మీ అమ్మ నన్ను ముద్ద ముట్టనివ్వలేదురా, పద నాన్నా, ఇంటికి పోదాం,” అన్నాడు.