ఎర్రపుల్లలు

ఒక అడవిలో ఒక ఉడుత వానాకాలం కోసం గింజలు ఏరుకుని, ఎవరికీ తెలియని చోట్ల మట్టిలో పాతిపెట్టుకునేది.

అడవిలో దొంగతనాలు పెరిగాయని పులిరాజు చాటింపు వేయించాడు. ఎవరి గింజలు ఎక్కడున్నాయో అందరూ చూపించి తీరాలట.

"నా చోటు అందరికీ తెలిస్తే ఎలా, మంత్రిగారూ?" అని ఉడుత బెరుగ్గా అడిగింది.

"తప్పు చేయనిదానివి, నీకెందుకమ్మా భయం?" అంది మంత్రి నక్క.

నిజమే కదా అనుకుని ఉడుత అన్నీ చూపించింది. భటులు ప్రతిచోటా గుర్తుగా ఒక ఎర్రపుల్ల గుచ్చి వెళ్ళారు.

తెల్లారి ఉడుత వెళ్ళి చూసింది. అడవిపందులు ఆ పుల్లల వెంటే వచ్చి, ఒక్క గింజ మిగల్చకుండా తవ్వుకుపోయాయి!

ఉడుత ఏడుస్తూ నక్క దగ్గరికి పరుగెత్తింది.

"చూపించమన్నాం గానీ, కాపలా కాస్తామన్నామా?" అంది నక్క తాపీగా.

ఉడుత తిరిగి వస్తుంటే ఒక ఎలుక ఎదురై సంగతి అడిగింది. దాని కలుగు నిండా దొంగిలించిన గింజలే. ఉడుత చెప్పిందంతా విని అది నోరెళ్ళబెట్టింది.

"అయ్యో, నువ్వు నిజంగానే చూపించావా?"