కడగని పళ్లెం

“నాకు కడుపని రాసిందెవరే?”

రామాబాయి ల్యాబు గడప దాటుతూనే వేసిన కేకకు బెంచీ మీది జనమంతా తలలెత్తారు. అరవై దాటిన మనిషి, పక్క గల్లీలోనే ఇల్లు. పొద్దున షుగరు చూపించుకోవడానికి రక్తమిచ్చి వెళ్లింది. ఇప్పుడు ఆమె చేతిలోని రిపోర్టులో షుగరుతో పాటు అడగని పరీక్షలన్నీ బారులు తీరి ఉన్నాయి. అన్నిటికన్నా కింద ‘గర్భ పరీక్ష: పాజిటివ్’ అని ఉంది.

“నా కోడలు నలుగురి ముంగల గట్టిగ చదివింది. గల్లీల ఇజ్జత్ పోయింది. మా ఆయన పోయి ఎన్నేండ్లాయె! ఇప్పుడు నేనెవరి పేరు చెప్పాలె?”

బెంచీ అంతా గొల్లుమంది. శృతి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. ల్యాబులో రిపోర్టులు అచ్చువేయడానికి ఆ రోజే మొదలైన ప్రోగ్రాం ఆమె సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాం.

ల్యాబు యజమాని ప్రాణేశ్ లోపలి గదిలోంచి వచ్చి రిపోర్టు చూశాడు. తర్వాత శృతిని చూశాడు.

“సాయంత్రం లోపట సక్కగ చేయమ్మా. కాదంటె పాత తీరుగనే చేత్తో రాసుకుంటం. ల్యాబుకు ఒకసారి పేరు పోతే మల్ల రాదు.”

అరవలేదు. అరిచినా బాగుండేదనుకుంది శృతి.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. పొద్దున రక్తం పరీక్షించే మిషన్ కంప్యూటరుతో కలిసిందో లేదో చూడడానికి ఎవరి రక్తమైనా కావాలంటే తన చేయే చాపింది. మోచేతి మడతలో సూది గుచ్చినచోట పెట్టిన దూది ఇంకా అంటుకునే ఉంది. ల్యాబులో పనిచేసే రశ్మి వచ్చి పక్కన నిలబడింది. సరైన కాగితం చేతికొస్తే గాని కదలనన్నట్టు రామాబాయి కూడా స్టూలు లాక్కుని కూర్చుంది.

“ట్రయల్ చూసినప్పుడు మంచిగనే ఉండె గదనే?” అంది శృతి.

“ఉండె అక్కా. నువ్వు రిపోర్టుల అన్ని గడులూ నింపమని చాయ్ తాగనీకి పోతివి. నేను అన్నీ నింపిన. ఒక్కటి గూడ తప్పు రాలే.” రశ్మి కొంచెం వంగి గొంతు తగ్గించింది. “అక్కా, నీకొక మాట చెప్పాలె...”

“తర్వాత చెప్పుదువు. ముందు బల్ల మీది రిపోర్టులు చూడు, ఎవరికీ ఇయ్యకు.”

రశ్మి పైనున్న కాగితం తీసి చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అది ఈరప్ప అనే ముసలాయనది. ఆయన కూడా గర్భవతే.

శృతి తను రాసిన వరుసలను పైనుంచి చదువుతూ వచ్చి ఒకచోట ఆగింది. నుదురు కొట్టుకుంది. అన్ని గడులూ నింపి చూడడమే తప్పయింది. ఒక్క గడి ఖాళీగా వదిలి చూసి ఉంటే పొద్దునే పట్టుబడేది.

“దొరికిందా? జర నాకు గూడ తెలిసేటట్టు చెప్పు,” అంది రామాబాయి.

“మనిషి మనిషికీ స్క్రీను మీద కొత్త విండో ఎందుకని, ఉన్నదాన్నే దాచి మల్ల మల్ల తెరుస్తున్నమ్మా. పరీక్షల జవాబులు పట్టుకునే వేరియబుళ్లను ఆ విండో తెరిచే పని లోపట పెట్టాల్సింది. నేను బయట పెట్టిన. విండో మూసినా అవి పోలే. నీకు షుగరొక్కటే కొత్తగ పడింది. ముట్టని గడులల్ల ముందున్నోళ్లదే ఉండిపోయింది.”

రామాబాయి స్టూలు ముందుకు జరుపుకుంది.

“అంటే ఒకరు తిన్న పళ్లెం కడగకుండనే నాకు పెట్టినవ్.”

“అంతేనమ్మా,” అంది శృతి. ఆమెకు సిగ్గేసింది.

వేరియబుళ్లను లోపలికి మార్చింది. విండో తెరిచిన ప్రతిసారీ అవి కొత్తగా పుట్టి, మూయగానే పోయేటట్టు చేసింది. ఈసారి గడులు కావాలనే ఖాళీగా వదిలి చూసింది. ఖాళీ గడి ఖాళీగానే వచ్చింది. ఈరప్ప మగవాడయ్యాడు. రామాబాయి కాగితంలో షుగరొక్కటే మిగిలింది. ప్రాణేశ్ వచ్చి చూసి, “ఇట్ల ఉండాలె,” అని లోపలికి వెళ్లిపోయాడు. శృతి గట్టిగా ఊపిరి వదిలింది.

పని అయ్యాక రామాబాయి కోపమూ దిగింది. కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ అడిగింది.

“నీకెందరు పిల్లలు బిడ్డా?”

“ఇంకా లేరమ్మా.”

“పెండ్లయి?”

“ఏడేండ్లు.” శృతి కళ్లు స్క్రీను మీది నుంచి తిప్పలేదు. ఇంట్లో అడగడం మానేశారు. నెల తప్పిందా లేదా అని చూసుకోవడం తనూ మానేసింది. ఎవరైనా ఇలా ఉన్నట్టుండి అడిగితే మాత్రం ఇప్పటికీ పనిలో తల దాచుకుంటుంది.

రామాబాయి జాలిగా చూసింది. “నీ కంప్యూటరుకు కండ్లు లేవు. నాకు రాసింది నీకు రాసినా బాగుండు. ఇంతకీ ఎవరిదే ఆ ఎంగిలి? ఆ కడుపున్న పిల్లకన్న చెప్పిండ్రా?”

“ఎవరిదీ కాదమ్మా,” అంటూ నవ్వు తెచ్చుకుంది శృతి. “ట్రయల్ కోసం రశ్మి వేసిన ఉత్తుత్తి జవాబులవి.”

రశ్మి ఆమె చేతిమీది దూదిని మెల్లగా తీసింది.

“ఉత్తుత్తివి కావక్కా. అన్ని గడులూ నింపమంటివి గద, పొద్దుగాల నువ్విచ్చిన రక్తంతోనే పరీక్షలన్నీ చేసి నింపిన.”