సీమంతంలో పసుపు పట్టీ

ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఆడపిల్ల మణికట్టుకూ అంగన్‌వాడీలో ఒక పట్టీ కట్టేవారు. కడుపులో అండాలు నిండుగా ఉంటే అది ఆకుపచ్చగా, తక్కువైతే పసుపుగా వెలిగేది. ఊళ్లో వాళ్లు మనిషి మొహంకంటే ముందు పట్టీనే చూసేవారు.

కుందన పట్టీ కట్టిన రోజే పసుపుగా వెలిగింది. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిందని చెప్పి, ఆమె దాని మీద రుమాలు చుట్టుకుని తిరుగుతోంది.

వదిన మేఘమాల సీమంతంలో మొదటి గాజు ఆడబిడ్డే తొడగాలి. కుందన పళ్లెంలోంచి గాజు తీస్తుంటే ముడి వదులై రుమాలు జారిపోయింది.

“ఓసి నీ దుంపతెగ, ఇదా నీ కొడవలి గాటు! లే, లే. పచ్చ పట్టీ వాళ్లెవరైనా తొడుగుతారు,” అంది పెద్దమ్మ.

కుందనకు అక్కడికక్కడే మాయమైపోతే బాగుండుననిపించింది. లేవబోతుంటే వదిన ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

“అది ఎన్నున్నాయో చెబుతుంది గానీ, పిల్లలు పుడతారో లేదో దానికేం తెలుసు పెద్దత్తయ్యా? భయమైతే కొన్ని తీయించి ఆస్పత్రిలో దాచుకోవచ్చంట. నువ్వు తొడుగమ్మాయ్.”

కుందన గాజును గబగబా తోసింది. గాజు సగం ఎక్కి పుటుక్కున విరిగింది. ఆడవాళ్లంతా నోళ్లు నొక్కుకున్నారు. సిగ్గుతో కుందన తల ఎత్తలేకపోయింది.

మేఘమాల చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“పళ్లెం నిండా ఉన్నాయిగా, ఇంకోటి తియ్యి,” అంది. “ఈసారి కాస్త మెల్లిగా. చెయ్యి నాదేనే!”

కుందన తల వంచుకునే ఇంకో గాజు తీసింది.