తెరుచుకోని కిటికీ

"తెరుచుకోకపోతే అది కిటికీ కింద లెక్కనేనా సార్?" చివరి వరుసలో కూర్చున్న ఆమె మళ్లీ అదే అడిగింది.

గోవింద్‌కు ఒళ్లు మండింది. 2004లో మలక్‌పేటలో ఆర్కిటెక్టుల కోసం పెట్టిన శిక్షణ తరగతి అది. కిటికీల నిబంధనల గురించి పొద్దుటినుంచీ అతను చెబుతూనే ఉన్నాడు.

"బిగించిన అద్దం వెలుతురుకు లెక్క, గాలికి లెక్క కాదు. ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"దాంట్లకెళ్లి పొగ పోతదా సార్?"

ముందు వరుసల్లో కొందరు నవ్వారు. గోవింద్ నవ్వలేదు.

"అద్దంలకెళ్లి పొగ ఎట్ల పోతది? గింత చిన్న సంగతి తెల్వకుంటనే ప్లాన్లు గీస్తున్నరా? మీకు లైసెన్స్ ఎవరిచ్చిన్రు?"

ఆమె లేచి నిలబడింది.

"నేను ఆర్కిటెక్టును కాదు సార్. నా పేరు అలివేలు. ఫలక్‌నుమాల చెప్పుల కార్ఖానా కాలినప్పుడు నా బిడ్డ లోపల్నే పాణం ఇడిసింది. కిటికీలు ఉండంగ బయటికి రాకపోవుడు ఆమెదే తప్పని ఓనరు వకీలు నిన్న కోర్టుల అన్నడు. అవి తెరుచుకోవని నేనంటే, కిటికీల గురించి నీకేం ఎరుక, కూసో అన్నడు. అందుకే ఎరుక చేసుకోనీకి వచ్చిన."

నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. గోవింద్ చివరి వరుస దాకా నడిచి ఆమె ముందు ఆగాడు.

"మళ్ల కోర్టు ఎప్పుడమ్మా?"

"ఎల్లుండి సార్."

"నేనొస్త." అతని గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "ఆ వకీలు నన్ను కూసో అంటడేమో చూస్త."