గోంగూర ఉత్తరం

సర్ ఆంబ్రోస్ థార్న్ ఉత్తరాలు పన్నెండింటిలో పదకొండు పరీక్షకి ఇస్తానన్నాడు యజ్ఞనారాయణ. పన్నెండోది మాత్రం ఇవ్వనన్నాడు.

"అదేంటి డాక్టరు గారూ, అసలు సరుకే అది కదా," అన్నాడు శ్రీధర్. చికాగో పక్కనున్న షామ్‌బర్గ్ తెలుగువాళ్ల సంఘానికి ఆయన ప్రెసిడెంటు. ఎవరికి ఎప్పుడు శాలువా కప్పాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

సర్ ఆంబ్రోస్ విక్టోరియా రాణి కాలంలో లండన్ నాటకరంగాన్ని ఏలిన నటుడు. గుండె డాక్టరు యజ్ఞనారాయణ ఆయన మీద మనసు పడటానికి కారణం నటన కాదు. ఆయన చేతిరాత భూప్రపంచంలో ఎవరికీ అర్థమయ్యేది కాదని ఎక్కడో చదివాడు. నలభై ఏళ్లు మందుల చీటీలు రాసి ఫార్మసీ వాళ్ల చేత కన్నీళ్లు పెట్టించిన మనిషికి ఆ దొర సొంత అన్నలా తోచాడు. రిటైరవగానే ఆన్‌లైన్ వేలాల్లో ఆయన ఉత్తరాలు ఒక్కొక్కటే కొన్నాడు. అదృష్టం కొద్దీ పదకొండూ ముత్యాల్లాంటి అక్షరాలతో చక్కగా చదువుకునేలా ఉన్నాయి.

చదువుకోవడం వేరు, వినేవాళ్లు దొరకడం వేరు. ఎవరింట్లో పార్టీ అయినా డాక్టరు గారు జేబులోంచి ఒక ఉత్తరం నకలు తీసేవాడు. జనం బిర్యానీ ట్రే వైపు దారి తీసేవారు. "మనకెందుకండీ ఆ దొరగారి గోల," అని ఒకాయన మొహం మీదే అనేశాడు. ఆ పూట యజ్ఞనారాయణ అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఆయన బేస్‌మెంట్‌కే అంకితమయ్యాడు. లైబ్రరీల వాళ్లు వదిలించుకునే నూట పాతికేళ్లనాటి పుస్తకాలు పెట్టెలకొద్దీ తెచ్చాడు. అట్ట తిప్పితే తెల్లకాయితం కూడా మిగలని ఆ చెత్తంతా ఎందుకని భార్య లీల సణిగేది. పరిశోధనంటే అలాగే ఉంటుందనేవాడు. భోజనం కూడా కిందికే తెప్పించుకునేవాడు.

పరిశోధన ఫలించింది. పన్నెండో ఉత్తరం వెలుగు చూసింది.

చికాగోలో నాటకం ఆడుతుండగా కాకినాడ పెద్దమనిషి ఒకాయన తెర వెనక్కి వచ్చి గోంగూర పచ్చడి జాడీ ఇచ్చాడనీ, అది తిన్నాక మూడో అంకంలో తన గొంతు ఖంగుమందనీ అందులో సర్ ఆంబ్రోస్ ఒక మిత్రుడికి రాశాడు. కాయితం మూల నూనె మరక కూడా ఉంది. రాత మాత్రం కోడి గెలికినట్టుంది. ఎవరి తరమూ కాకపోతే యజ్ఞనారాయణే చదివి వినిపించాడు.

ఇక చూడాలి. తెలుగువాడికి ప్రపంచంలో ఎవరు గొప్పవాడైనా అభ్యంతరం లేదు, పక్కన మనవాడొకడు జాడీ పట్టుకుని నిలబడి ఉంటే చాలు. బిర్యానీ చల్లారిపోతున్నా ఒక్కరూ లేవలేదు. గోంగూరంటే మాదేనని గుంటూరు వాళ్లు తగువుకొచ్చారు. దొరగారి గోలెందుకన్న పెద్దమనిషే వచ్చి ఉత్తరంతో సెల్ఫీ దిగాడు.

శ్రీధర్ ఊరుకుంటాడా? యూనివర్సిటీ లైబ్రరీకి మెయిల్ కొట్టాడు. పరీక్షించి, అసలైనవని తేలితే డాక్టరు గారి పేరుతో అద్దాల పెట్టెలో పెడతామని వాళ్లన్నారు. పరీక్ష చేసేది స్మృతి, పక్క ఊరు అరోరాలో తెలిసినవాళ్ల అమ్మాయి. ఆ పిల్ల మెడిసిన్ వద్దని పాత కాయితాల చదువుకి పోయినప్పుడు, దానికి జాబులొస్తాయా అని నలుగురిలో అడిగిన పుణ్యాత్ముడు యజ్ఞనారాయణే. ఇప్పుడు ఆయన పరువు ఆ పిల్ల చేతిలో ఉంది. తేడా వస్తే షామ్‌బర్గ్‌లో మళ్లీ తలెత్తుకోలేడు.

"అది ఇంట్లోనే ఉండనివ్వండి," అంది లీల కూడా.

శ్రీధర్ వినలేదు. ఉగాది సభలో సన్మానమని అందరికీ చెప్పేశానన్నాడు. ఫ్లయర్ మీద గోంగూర కట్ట బొమ్మ కూడా వేయించానన్నాడు. చేసేది లేక పన్నెండూ పంపారు.

ఫలితం వచ్చేదాకా గుండె డాక్టరు తన బీపీ మాత్ర డోసు తానే పెంచుకున్నాడు. పాపం, ఆ ఉత్తరమంటే ఆయనకి ఎంత ప్రాణమో అని ఊరంతా జాలిపడింది.

స్మృతి వచ్చి సోఫా అంచున కూర్చుంది. లీల ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. శ్రీధర్ అప్పటికే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి నిలబడ్డాడు.

"అంకుల్, ఐ యామ్ సో సారీ. ఫేక్ అంకుల్."

యజ్ఞనారాయణ కళ్లు మూసుకున్నాడు. శ్రీధర్ ఫోను దించేశాడు.

"లెవెన్ లెటర్సూ ఫేక్. పేపర్ కొత్తది. రైటింగ్ టూ నీట్. మా దగ్గర రియల్ లెటర్స్ ఉన్నాయి కదా, అవి అసలు చదవలేం."

ఆయన మెల్లగా కళ్లు తెరిచాడు. "పదకొండేనా?"

"యా. గోంగూర లెటర్ మాత్రం రియల్ అంకుల్. పేపర్ ఆ టైమ్‌దే. చదవడానికి మా టీమ్ మొత్తం కష్టపడింది. ఆ స్టెయిన్ కూడా టెస్ట్ చేశాం. నువ్వుల నూనె. మీరు పచ్చళ్లలో వేస్తారు కదా ఆంటీ, అదే. అయినా ఫేక్ చేసేవాళ్లు గోంగూర గురించి ఎందుకు రాస్తారు? ఎవరు నమ్ముతారు?"

శ్రీధర్ ఫోను మళ్లీ పైకి లేచింది. అద్దాల పెట్టె ఖాయం, శాలువా ఖాయం. ముచ్చటపడి కొన్న పదకొండూ చిత్తుకాయితాలని తేలినందుకు డాక్టరు గారికి కోపం రావాలి. రాలేదు. ఆయన లీల వైపు చూశాడు. ఆమె ట్రే పట్టుకుని కార్పెట్ వైపు చూస్తోంది.

బేస్‌మెంట్‌లో పాత పుస్తకం తెల్లకాయితం మీద తాను ఆ ఉత్తరం సగం రాసి ఉండగా, కంచం తెచ్చి పెడుతూ దాని మీద గోంగూర నూనె చుక్క పడేసిందని ఆ రోజు లీలని అన్ని మాటలన్నందుకు యజ్ఞనారాయణకి మొదటిసారి సిగ్గేసింది.