ఆవకాయ బేసిన్

ఇప్పుడు ప్రతి వంటింటి గోడకీ ఓ యంత్రం ఉంటోంది. పొద్దున్నే వేలు ఆనిస్తే, ఎవరి ఒంటికి తగ్గ బలం పొడి వాళ్లకి ఇస్తుంది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి తక్కువైన తొమ్మిదేళ్ల కౌముదికి ఆ పొడి రోజుకి నాలుగుసార్లు పట్టాలి. యంత్రం వచ్చిన ఈ మూడేళ్లలో నాయనమ్మ సుభద్రమ్మ ఒక్క పూట తప్పలేదు.

కొత్తావకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం కలిపి ఇంటిల్లిపాదీ తినే రోజది. కౌముది యంత్రానికి వేలు ఆనించి, ఏ జబ్బూ అంటకుండా ఎప్పట్లా విడిగా కూర్చుంది. యంత్రం పచ్చదీపం వెలిగించి, "కౌముది ఇక అందరితో కలిసి తినవచ్చు," అంది.

సుభద్రమ్మ ముద్ద చేసింది. కౌముది అలవాటుగా, నీళ్లలో మరిగించిన తన చెంచా ముందుకు చాపింది.

"అదవతల పెట్టవే! మూడేళ్లు నీకు పొడి కలిపిన చెయ్యే ఇది. నోరు తెరువు!"

కారానికి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా మొదటి ముద్ద మింగీ మింగకముందే ఆ పిల్ల మళ్లీ నోరు తెరిచింది.